నీడ లేని మేఘం

పదకొండూ ఇరవైకి నేను ఆ భవనంలో అడుగుపెట్టేసరికి నా చేతిలో మిగిలింది నాలుగు గంటల నలభై నిమిషాలు.

సరిగ్గా నాలుగింటికి మూడో అంతస్తు హాల్లో కరువు కమిటీ కూర్చుంటుంది. ఛైర్మన్ మ్యాపు మీద సంతకం పెడతాడు. ఆ మ్యాపులో ఎర్రగా ఉన్న బ్లాకులకు మర్నాటి నుంచి నీళ్ళ ట్యాంకర్లు వెళ్తాయి, పశువులకు మేత వెళ్తుంది. పచ్చగా ఉన్న బ్లాకుల మొహం వచ్చే ఏడాది దాకా ఎవరూ చూడరు. ఏడో బ్లాకు పచ్చగా ఉంది. ఆ బ్లాకు జనమేమో పొద్దుటి నుంచీ గేటు బయట ఖాళీ బిందెలు ముందేసుకుని కూర్చున్నారు. సంతకం తడి ఆరేలోపు ఇంకో పని కూడా జరిగిపోతుంది. ఆ మ్యాపు తయారు చేసినావిడను అరెస్టు చేస్తారు.

అరెస్టు చేసేది మా తోడల్లుడు.

ఈ సంగతి ముందే కక్కేస్తే నాకూ హాయి. మా అత్తగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను, చిన్నమ్మాయిని అతను. అతను పోలీసు ఇన్‌స్పెక్టరు. నేనూ ఆ ఉద్యోగానికే వెళ్ళాను, ఛాతీ అర అంగుళం తక్కువని ఇంటికి పంపేశారు. అప్పటి నుంచి ప్రైవేటు డిటెక్టివ్‌ని. పేపర్లో అతని ఫోటో పడినప్పుడల్లా మా అత్తగారు కత్తిరించి అద్దం అంచున దోపుకుంటుంది. నా ఫోటో ఒక్కసారి పడింది. అందులో నా తల సగమే ఉంది. కత్తిరించినా లాభం లేదందావిడ. అతన్ని చూస్తే నాకు కుళ్ళు. దాచుకోవడం దేనికి?

ఇక కేసు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం ఒకటి పదహారు రోజులకోసారి, ఠంచనుగా ఉదయం పదీ నలభైకి మా మీదుగా పోతుంది. అది తీసిన చిత్రం ఈ కేంద్రానికి వస్తుంది. ఏ నేల పచ్చగా ఉంది, ఏ నేల ఎండి బీటలు వారింది, ఏ నేల ఏటేటా సారం పోయి చవుడవుతోంది అని ఆ చిత్రం నుంచి లెక్క తీసి రంగులు వేసేది ఒకావిడ. అందరూ మ్యాపు మేడం అంటారు. పన్నెండో తేదీ మధ్యాహ్నం రెండింటికి ఆవిడ వేసిన తొలి మ్యాపులో ఏడో బ్లాకు ఎరుపు. సాయంత్రానికి అదే బ్లాకు పచ్చ. ఆ మార్పు రెండూ పదహారుకీ రెండూ నలభై ఒకటికీ మధ్య, ఆవిడ కంప్యూటర్లో, ఆవిడ పాస్‌వర్డ్‌తోనే జరిగింది. పోనీ ఉపగ్రహం చిత్రం చూద్దామంటే, ఫైల్లో ఉన్న చిత్రంలో ఏడో బ్లాకు నిగనిగలాడుతూ పచ్చగానే ఉంది. ఆ బ్లాకు ఆవిడ పుట్టిల్లు. ఇంకేం, పోలీసులు కథ అల్లేశారు. పుట్టింటివాళ్ళ కోసం దొంగ ఎరుపు వేసిందట. భయపడి తనే పచ్చగా మార్చేసిందట. గేటు దగ్గర జనాన్ని చూసి మళ్ళీ ఎరుపే నిజమంటోందట.

నన్ను పెట్టుకున్నది ఆవిడ భర్త. ఆయనదీ ఈ కేంద్రమే. జీపేసుకుని ఊళ్ళ వెంట తిరిగి, పైనుంచి కనిపించేదీ కింద ఉన్నదీ ఒకటేనా కాదా అని సరిచూసే ఫీల్డు జట్టుకు పెద్ద. ఆయన్ని జీపు సారంటారు. నిన్న నా ఆఫీసుకు వచ్చి, "మా ఆవిడ జైలుకెళ్తే నేను బతకనండీ" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

మ్యాపు మేడంని కింద సందర్శకుల గదిలో కూర్చోబెట్టారు. గుమ్మంలో ఒక మహిళా కానిస్టేబులు నిలబడి ఉంది. మేడంకి నలభై ఉంటాయి. ఎదురుగా ఉన్న టీ చల్లారి మీగడ కట్టింది.

"పన్నెండో తేదీ రెండూ పదహారుకి మీరెక్కడున్నారు?" అన్నాను.

"మేడ మీద."

"ఏం చేస్తున్నారు?"

"నడుస్తున్నా. భోజనం అయ్యాక రోజూ అరగంట నడుస్తాను. పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం కదండీ."

"ఎవరైనా చూశారా?"

"పావురాలు చూశాయి. పిలిపిస్తారా?"

నోరున్న మనిషే. నాకు నచ్చింది. "ఎన్నింటికి దిగారు?"

"రెండూ నలభై అయిదు."

"అంతకుముందు మీరు చూసినప్పుడు ఏడో బ్లాకు ఎలా ఉంది?"

"ఎండిపోయి ఉంది. అది మా అమ్మ ఊరని చెప్పట్లేదు. ఎనిమిదో బ్లాకులో సగం ఎండితే ఇది నిలువునా ఎండింది. ఆ మర్నాడే నన్ను ఆ గదిలోకి రావద్దన్నారు. పదకొండు రోజులైంది, ఆ చిత్రం మళ్ళీ నా కంటపడలేదు. ఒక్క గంట నన్ను దాని ముందు కూర్చోనిచ్చుంటే మీకు ఈ శ్రమ ఉండేది కాదు."

"మీ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

ప్రశ్న పూర్తికాకుండానే జవాబిస్తున్న మనిషి, ఈసారి గోడ గడియారం వైపు చూసింది. "ఎవరికీ తెలీదు" అంది.

"మీరంటే గిట్టనివాళ్ళు ఉన్నారా ఇక్కడ?"

"వచ్చే నెల నేను డైరెక్టర్నవుతున్నాను. లిస్టు కావాలంటే ఇంకో రెండు కాగితాలు తెచ్చుకోండి."

అప్పుడే వెనక బూట్లు టకటకలాడాయి. చూడక్కర్లేదు, ఆ నడక నాకు తెలుసు. ఇస్త్రీ మడత నలగని యూనిఫాంలో మా తోడల్లుడు వచ్చి నిలబడ్డాడు. టైము పదకొండూ యాభై.

"అన్నయ్యా! మీరా? వదిన బావున్నారా?"

"బావుంది."

"కొత్తగా సైన్సు కేసులు కూడా చూస్తున్నారా?"

"నువ్వు చెడగొట్టినవన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి తమ్ముడూ."

అతను నవ్వాడు. అతని నవ్వు కూడా పేపర్లో ఫోటోకి పనికొచ్చేలా ఉంటుంది, అదే నా బాధ. నన్ను వరండాలోకి తీసుకెళ్ళి వేళ్ళు మడిచాడు. "మూడు సాక్ష్యాలన్నయ్యా. ఒకటి, ఆవిడ పాస్‌వర్డ్. రెండు, ఉపగ్రహం చిత్రం. మూడు, ఫీల్డు ఫోటోలు. ఉపగ్రహం నెత్తి మీదుగా పోయే నిమిషానికే కింద మనిషి నిలబడి నాలుగు దిక్కులకూ ఫోటోలు తీయాలి. వీళ్ళ రూలది. ఏడో బ్లాకులో పన్నెండో నంబరు చోట పన్నెండో తేదీ పదీ ముప్పై ఎనిమిది నుంచి పదీ నలభై నాలుగు దాకా తీసిన ఫోటోలున్నాయి. మోకాలెత్తు గడ్డి. తీసిందెవరనుకున్నారు? ఆవిడ మొగుడే."

"ఆయనా?"

"పాపం, భార్య మెడకు చుట్టుకుంటుందని తెలిసి కూడా దాచలేదు. నిజాయితీ అంటే అదీ."

"ఆ రోజు ఆయన ఇక్కడ లేడన్నమాట."

"ఐదు గంటల దారన్నయ్యా అది. రాత్రికి గానీ రాలేదు." అని గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి ఆవిడను తీసుకెళ్తాను. ఈలోపు ఆవిడ గది చూస్తానంటే చూసుకోండి. పెద్దల్లుడుగారు అడిగితే కాదంటానా?"

చూశారా, ఆ ఇచ్చే తీరు! నేను ఇంకా అడగనేలేదు. వద్దని మొహం మీద చెప్పినా ఒళ్ళు ఇంతలా మండేది కాదు.

పన్నెండూ ఇరవై అయిదుకు రెండో అంతస్తులో ఆవిడ గదికి వెళ్ళాను. మూడు తెరలు, ఒక కుర్చీ, గోడవారగా మంచమంత ప్రింటరు. ఆ ప్రింటరు నడిపే ఆపరేటరు నాకోసం ఫైల్లోని చిత్రాన్ని, బ్లాకుల సరిహద్దులూ ఫీల్డు ఫోటోలు తీసే చోట్ల నంబర్లూ వేసి, పెద్ద కాగితం మీద తీసిచ్చి, పక్కనే నిలబడ్డాడు. చూడబోతే అంతా మచ్చలు. నాకు సైన్సు రాదు. పదో తరగతిలో లెక్కలు రెండోసారికి గట్టెక్కిన మనిషిని. అయినా మొండితనం ఒకటి ఉంది కదా. మా తోడల్లుడు చూడలేనిది నేను చూడాలన్న పంతంతో కాగితం మీదికి వంగాను.

"ఈ తెల్లటి మచ్చలేమిటి?"

"మేఘాలండీ."

"పక్కన నల్లగా?"

"వాటి నీడలు. రెండూ మాకు చెత్త కిందే లెక్క. రాగానే మొదట వాటిని తీసి అవతల పారేసి, మిగిలిన నేల మాత్రం చూస్తాం. మేఘాల వంక ఎవరూ చూడరండీ ఇక్కడ."

ఎవరూ చూడనిదాన్ని చూడటమే నా పని. జేబులోంచి అగ్గిపుల్ల తీశాను. ఒక మేఘం దగ్గర తల ఆనించి దాని నీడ దాకా కొలిచాను. పుల్లలో సగం. ఇంకో మేఘం చూశాను. సగమే. పదీ నలభైకి సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు కాబట్టి నీడలన్నీ వాయవ్యానికే, కాగితం మీద పైకీ ఎడమకీ, ఒకే దూరంలో పడ్డాయి. పుల్లను సగానికి విరిచి ఒక్కొక్కటే కొలుచుకుంటూ పోయాను. ముప్పై ఒక్క మేఘాలున్నాయి.

నీడలు ముప్పై.

మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిదో బ్లాకు అంచున, ఏడో బ్లాకు సరిహద్దును ఆనుకుని, బలిసిన మేఘం ఒకటి ఉంది. దానికి నీడ లేదు. సగం పుల్ల పెడితే ఆ నీడ సరిహద్దు గీత దాటి ఏడో బ్లాకులో పడాలి. అక్కడ నిగనిగలాడే పచ్చదనం తప్ప ఏమీ లేదు.

నీడ సరిహద్దు గీత చూసి ఆగిపోదు. ఎవరో ఏడో బ్లాకును గీత వెంబడి కత్తిరించి తీసేసి, వానలు బాగా పడిన ఏదో ఏటి చిత్రం ముక్కను ఆ ఖాళీలో అతికించారు. చొక్కాకు మాసిక వేసినట్టు వేశారు. కొత్త ముక్కలో ఆ నీడ ఎక్కణ్ణుంచి వస్తుంది? మేఘాల్ని చెత్తనుకునే అలవాటు ఉన్నవాడు కాబట్టి ఆ దొంగ కూడా దాని వంక చూడలేదు. అంటే దొంగ ఈ కేంద్రంలోనివాడే. మ్యాపు మేడం వేసిన ఎరుపే నిజం. గేటు బయట బిందెలు నిజం.

టైము పన్నెండూ యాభై అయిదు.

"ఏమైనా తగిలిందా అన్నయ్యా?" తలుపు దగ్గర నుంచి మా తోడల్లుడి గొంతు.

నోటిదాకా వచ్చింది. చెప్పి ఉంటే ఒంటిగంటకల్లా ఆవిడ ఆ గదిలోంచి లేచి బయటికి నడిచేది. నేను మాత్రం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాను.

"ఏముందీ, మేఘాలూ మట్టీ" అన్నాను.

ఎందుకంటే నాలుగింటి హాలు నా కళ్ళముందు ఆడుతోంది. అందరి ఎదుటా ఆ కాగితం పరుస్తాను. అగ్గిపుల్ల తీస్తాను. అతని మొహం మాడిపోతుంది. మర్నాడు పేపర్లో నా తల పూర్తిగా పడుతుంది, అద్దం అంచున చోటు కోసం మా అత్తగారు వెతుక్కుంటుంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, అప్పుడు నాకు కావలసింది అదొక్కటే.

ఒంటిగంటా పదిహేనుకు క్యాంటీన్లో జీపు సారును కలిశాను. ఎండకు కాగిపోయిన మొహం, పొడుగ్గా ఎదిగిన మనిషి. ఆ బల్లల కింద ఆయన మోకాళ్ళు పట్టడం లేదు.

"తనకు చిత్రం చదవడం నేర్పింది నేనేనండీ" అన్నాడు కప్పులోకి చూస్తూ. "కొత్తగా చేరినప్పుడు మేఘానికీ మంచుకీ తేడా తెలిసేది కాదు. ఇప్పుడు చూడండి, ఎంత పైకెళ్ళిందో. నాకు గర్వంగా ఉండదా చెప్పండి?"

కాగితం విప్పి చూపించాను. అగ్గిపుల్ల పెట్టి కొలిచాను. ఆయన చాలాసేపు ఆ నీడ లేని మేఘం మీదే కళ్ళు పెట్టి కూర్చున్నాడు.

"ఇరవై ఏళ్ళ సర్వీసు. నాకే తట్టలేదు" అన్నాడు చివరికి. "ఎంత బుర్రండీ మీది!"

ఆ మాటకు నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. అలాంటి మాట విని ఎన్నేళ్ళయింది!

"ఉపగ్రహం నుంచి వచ్చింది వచ్చినట్టు ఎక్కడైనా దాచి ఉంటారా?" అన్నాను.

"కింద స్టోర్లో డిస్కులుంటాయి. రోజుకొకటి."

"పన్నెండో తేదీది తెచ్చిపెట్టండి. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెడితే ఇక తిరుగుండదు. ఇన్‌స్పెక్టరు చెవిన మాత్రం పడనివ్వకండి."

ఈ చివరి మాట కూడా నేనే అన్నాను. నా నోటితోనే.

ఆయన రెండూ నలభైకి తిరిగొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా పక్కన కూలబడి గొంతు తగ్గించాడు. "ఆ రోజు డిస్కు చెడిపోయిందండీ. మూడు కంప్యూటర్లలో పెట్టి చూశాను, తెరుచుకోలేదు. ఎవరో కావాలనే పాడుచేసినట్టుంది." తలుపు వైపు ఒకసారి చూశాడు. "మా ఆవిడేమోనని భయంగా ఉంది. ఎవరితోనూ అనకండి."

నా ప్రాణం ఉసూరుమంది. నాలుగింటి హాలు, పేపరు, అద్దం, అన్నీ చెదిరిపోయాయి. ఆయన వెళ్ళిపోయాక, ఇంకేదైనా దొరకకపోతుందా అని ఆ ఫీల్డు ఫోటోల ఫైలు తెప్పించుకుని ముందేసుకున్నాను. నాలుగు ఫోటోలు. కింద అంకెలు: పన్నెండో తేదీ, పదీ ముప్పై ఎనిమిది, పదీ నలభై, పదీ నలభై రెండు, పదీ నలభై నాలుగు. అన్నింట్లోనూ మోకాలెత్తు గడ్డి. పడమటి వైపు తీసినదాంట్లో గడ్డి మీద ఫోటో తీస్తున్న మనిషి నీడ పడింది. టోపీ అంచు, మోచేతి వంపు గీసినట్టు కనిపిస్తున్నాయి. మిగతా మూడింట్లో కూడా ఎండ పెళ్ళున కాస్తోంది.

ఎండ!

కాగితం మళ్ళీ పరిచాను. సగం పుల్ల తీశాను. నీడ లేని మేఘం దగ్గర ఒక కొస ఆనించాను. రెండో కొస ఏడో బ్లాకులో, ఎర్రచుక్క పెట్టిన ఒక నంబరు మీద ఆగింది. పన్నెండు.

పన్నెండో తేదీ పదీ నలభైకి పన్నెండో నంబరు చోటు మేఘం నీడలో ఉండాలి. అక్కడ ఆ నిమిషంలో మనిషికి నీడ పడే వీల్లేదు. ఈ ఫోటోలు ఇంకెప్పుడో, వానలు పడి గడ్డి మొలిచిన రోజుల్లో తీసినవి. తేదీ, టైము తర్వాత దిద్దారు. ఉపగ్రహం పోయే నిమిషానికే ఫోటో ఉండాలన్న రూలు ఒంటబట్టిన మనిషి కాబట్టి తు.చ. తప్పకుండా పదీ నలభై అనే వేసుకున్నాడు. పదకొండున్నర వేసుకుని ఉంటే నా అగ్గిపుల్ల ఎందుకూ పనికొచ్చేది కాదు.

ఆయన ఆ రోజు అక్కడ లేడు. మరి రెండూ పదహారుకు ఎక్కడున్నట్టు?

ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ వెళ్ళి తీసుకురమ్మని నేను పంపింది ఆయన్నే.

మూడూ పదికి వరండాలో మా తోడల్లుడు కూర్చున్న గది బయట నిలబడ్డాను. తలుపు మీద చెయ్యి వేసి రెండుసార్లు తీసేశాను. లోపలికెళ్తే, ఒంటిగంట నుంచీ దాచానని చెప్పాలి. ఎందుకు దాచావంటే అదీ చెప్పాలి. వెళ్ళకపోతే ఇంకో యాభై నిమిషాల్లో ఆ తల్లి జైలుకు పోతుంది, ఆ బిందెలు ఖాళీగానే ఊరికి తిరిగి వెళ్తాయి. తలుపు తోశాను.

అంతా చెప్పాను. మేఘం గురించి చెప్పేటప్పుడు గొంతు బాగానే ఉంది. క్యాంటీన్ దగ్గరికొచ్చేసరికి తల కొట్టేసినట్టయింది. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"డిస్కు చెడిపోయిందన్నాడా?"

"మూడు కంప్యూటర్లలో పెట్టి చూశాడట."

అతను బీరువా తాళం తీసి లక్క సీలు వేసిన కవరొకటి బల్ల మీద పెట్టాడు. "స్టోర్లో ఉన్నది ఖాళీ అర అన్నయ్యా. పన్నెండో తేదీ డిస్కు మూడు రోజులుగా నా దగ్గరే ఉంది. కోర్టులో సీలు తీద్దామని తెరవలేదు."

కవరు తిప్పి సీలు మీది తేదీ చదివాను.

"ఒంటిగంటకు అడిగుంటే ఇచ్చేవాణ్ణిగా" అన్నాడు, అంతే. వెటకారం చేసినా బావుండేది. తిట్టినా పడేవాణ్ణి. అతను అంత మామూలుగా అనేసరికి నాకు మింగుడుపడలేదు.

ఇద్దరు సాక్షుల ముందు మూడూ ముప్పై అయిదుకు సీలు తీశాడు. ఆపరేటరు డిస్కు పెట్టాడు. చిత్రం తెర మీదికి వచ్చింది. ఏడో బ్లాకు మొత్తం కాలిన మట్టి రంగులో ఉంది. పన్నెండో నంబరు మీద, సిరా ఒలికినట్టు, ఆ ముప్పై ఒకటో నీడ పడి ఉంది.

మూడూ యాభై అయిదుకు హాల్లోకి వెళ్ళాం. ఛైర్మన్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆయన ముందు మ్యాపు, కలం సిద్ధంగా ఉన్నాయి. ఎడమపక్క మ్యాపు మేడం, ఆవిడ పక్కనే ఆవిడ చెయ్యి పట్టుకుని జీపు సారు కూర్చున్నారు.

"సార్, సంతకానికి ముందు ఒక మాట వినాలి" అన్నాడు మా తోడల్లుడు. నా వైపు తిరిగి, "అన్నయ్యా, కనిపెట్టింది మీరు. మీరే చెప్పండి" అన్నాడు. ఆ అవకాశం కూడా అతనే ఇచ్చాడు. నిజం చెప్పాలంటే, దానికీ కుళ్ళుకున్నాను.

రెండు చిత్రాలూ పక్కపక్కన పరిచి చెప్పుకుంటూ పోయాను. అగ్గిపుల్ల పెట్టి చూపించాను. నేను దాచిన రెండు గంటల సంగతి కూడా మింగకుండా చెప్పాను. ఛైర్మన్ కలానికి మూత పెట్టేశాడు.

"కెమెరా గడియారం తప్పయ్యుంటుంది" అన్నాడు జీపు సారు.

"గడియారం తప్పయితే గడ్డి ఎక్కడిదండీ?" అన్నాను. "అసలు చిత్రంలో ఆ చుట్టుపక్కల ఎక్కడా గడ్డిపోచ లేదు. డిస్కు మూడు కంప్యూటర్లలో పెట్టి చూశానన్నారు. అది మూడు రోజులుగా ఇన్‌స్పెక్టరుగారి బీరువాలో ఉంది. మీరు ఏ డిస్కు పెట్టి చూశారు?"

ఆయన భార్య చెయ్యి వదిలేశాడు. లేచి నిలబడ్డాడు.

"అవును, నేనే! ఏం, తప్పా? ఇరవై ఏళ్ళు ఆ జీపులో ఎండలో పడి మాడాను. మట్టి తవ్వింది నేను, కొలిచింది నేను. ఈవిడేమో ఏసీలో కూర్చుని రంగులేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు! ఎక్కడికెళ్ళినా మ్యాపు మేడం గారి ఆయన. నాకో పేరుందన్న సంగతే మర్చిపోయారు. రేపు డైరెక్టరట. నా సెలవు చీటీ మీద తను సంతకం పెట్టాలట! ఒక్కసారి, ఒకే ఒక్కసారి తను తప్పు చేసిందని అందరూ అనుకుంటే చాలనుకున్నాను. అరెస్టు దాకా వస్తుందని నేనేమన్నా కలగన్నానా?"

"మరి గేటు బయటివాళ్ళు?" అన్నాడు ఛైర్మన్.

జీపు సారు కిటికీలోంచి గేటు వైపు చూశాడు. "వాళ్ళు... వాళ్ళ సంగతి నాకు తట్టలేదు" అన్నాడు. ఉన్నట్టుండి నా మీదికి తిరిగాడు. "మిమ్మల్ని ఎందుకు పెట్టుకున్నాననుకున్నారు? ఊళ్ళో అందరికంటే చేతకాని డిటెక్టివ్ ఎవరని నలుగుర్ని అడిగాను. నలుగురూ మీ పేరే చెప్పారు!"

మా తోడల్లుడు దగ్గినట్టు నటించాడు. నాకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు. పేరు లేదు, పిలుపు లేదు, ఫలానావాళ్ళ మనిషి అనే గుర్తింపు తప్ప ఏమీ లేదు. ఆ మాటలన్నీ నేను మా ఇంట్లో మా ఆవిడ ముందు ఎన్నిసార్లు అని ఉంటాను! అందుకే తల దించుకున్నాను.

"మేడం," అన్నాడు మా తోడల్లుడు, "పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదన్నారు. ఈయనకెలా తెలిసింది?"

"మా పెళ్ళి తారీఖు అది" అంది ఆవిడ. "పొద్దున అబద్ధం చెప్పాను. క్షమించండి."

ఆవిడ గొంతులో ఆశ్చర్యం లేదు. నాకదే వింతగా తోచింది. భర్త ఇంత పని చేశాడని విన్న ఏ భార్యా అలా కూర్చోదు.

"మీకు ముందే తెలుసు" అన్నాను.

"ఆ రోజు రెండూ నలభై అయిదుకు మేడ దిగొచ్చి కూర్చోబోతే, నా కుర్చీ బాగా కిందికి దించి ఉంది. మామూలు ఎత్తులో కూర్చుంటే ఈయన మోకాళ్ళు బల్లకు కొట్టుకుంటాయి. ఇంట్లో నా కుర్చీలో కూర్చున్నా ముందు దాన్ని దించుకుంటారు. లేచేటప్పుడు మళ్ళీ పైకెత్తడం మర్చిపోతారు. పెళ్ళయినప్పటి నుంచీ అంతే."

జీపు సారు ఆవిడ వైపు తిరిగాడు. "ఆ రోజే తెలిసిందా?" అన్నాడు. "తెలిసి నాతో ఒక్క మాటన్నా అనలేదేం?"

"మీరే చెప్తారని. అన్నం వడ్డిస్తూ రోజూ అడిగాను కదా, ఏమైనా చెప్పాలా అని. పదకొండు రోజులు అడిగాను. రోజూ మీరు మంచినీళ్ళు అందుకోమన్నారు."

ఆవిడ లేచి మా తోడల్లుడి ముందుకు వచ్చింది.

"నాలుగింటి దాకా చూసి నేనే చెప్పేద్దామనుకున్నాను. అయినా ఆ పదకొండు రోజులు నావి కావు, బయట కూర్చున్నవాళ్ళవి. తెలిసీ దాచాను. మా ఆయన పేరు కింద నా పేరు కూడా రాసుకోండి ఇన్‌స్పెక్టరుగారూ. కాకపోతే ఒక్క నలభై నిమిషాలు నా గది తెరిపించండి. ముందు ఏడో బ్లాకుకు ఎరుపు వేసిస్తాను, తర్వాత మీ వెంట వస్తాను."

మా తోడల్లుడు కలం తీశాడు. రాయలేదు. జీవితంలో మొదటిసారి, ఏం చేయమంటారన్నట్టు నా వైపు చూశాడు. నేను వెళ్ళి ఆవిడ కోసం హాలు తలుపు తీసి పట్టుకున్నాను.